రంగుచాటు తుప్పు

మరమ్మతు అను మాటను మన మిండ్లలో రెండర్థములతో వాడుచున్నాము. చెడినదానిని బాగుచేయుట యొకటి. చెడినట్లు కనబడకుండ చేయుట రెండవది. ఈ రెంటికి నడుమ నున్న దూరము ఇనుపరేకునందు తెలిసినంత స్పష్టముగా మఱి దేనియందును తెలియదు. గోడ చెమ్మగిలినచో సున్నము పెచ్చులూడి చెప్పును. దూలము పుచ్చినచో పిండి రాల్చి చెప్పును. రంగు వేసిన యినుపరేకు మాత్రము కడపటి దినమువఱకు నోరు మెదపదు. లోపలినుండి తినివేయబడి, కాగితమంత పలుచనై, పైకి మాత్రము పెండ్లికొడుకువలె మెఱయుచుండును.

వెనుకటి కాలమున వీథులలో బిందెలకు మాట్లు వేయుదుమనియు, గిన్నెలకు కళాయి పూయుదుమనియు కేకవేయుచు తిరుగువారు రెండు పనులకును రెండు పేర్లు పెట్టుకొని యుండిరి. చిల్లికి మాటు, లోపలి పూతకు కళాయి. చిల్లిమీద కళాయి పూసి డబ్బడుగువానిని ఏ యిల్లాలును మఱల గుమ్మము త్రొక్కనిచ్చెడిది కాదు. బిందెలో నీరుపోసి, ఎత్తి పట్టి, అడుగు తడిమి చూచిన పిదపనే చేతిలో పైసలు పెట్టెడిది. అక్షరము రాని యిల్లాలు చేసిన యాపాటి పరీక్ష, పట్టములు పుచ్చుకొన్న మనము మోటారుబండ్ల విషయమున చేయకున్నాము. శాలనుండి బండి రాగానే చుట్టును తిరిగి, అద్దమువలె నున్నదని మెచ్చుకొని, తాళపుచెవి పుచ్చుకొని వచ్చుచున్నాము.

మేమీ సంగతి వ్రాయుటకు మా యింటి జీపు కారణము. అది మహీంద్రావారి యెమ్.ఎమ్. 540. ఇంజను బలమును నాలుగు చక్రములకును అందించు డీజిలుబండి. వయస్సు మూడు దశాబ్దములు దాటినది. అశోక్‌నగరులో మా సందున వేపచెట్టుక్రింద నిలుచును. చిక్కడపల్లికి పోయి కూరలు తెచ్చుటకు కొండలెక్కు బండి యెందుకని యిరుగుపొరుగువారు నవ్వుట కద్దు. ఆ నవ్వు న్యాయమే. కాని యది మా పెదతండ్రిగారి బండి. ఆయన కాలముచేసిన పిదప మా వంతునకు వచ్చినది.

ఈ బండి పుట్టువు కొంత తెలిసినగాని దాని రోగము తెలియదు. దీని మూలపురుషుడు 1941లో అమెరికా సైన్యముకొఱకు విల్లీస్ కంపెనీ చేయ మొదలిడిన జీపు. యుద్ధము ముగియులోపల విల్లీసును ఫోర్డును కలిసి ఆఱులక్షలకు పైబడి చేసినవి. అంత తొందరలో చేయవలసిన బండికి సొగసైన వంపులు పెట్ట వీలులేదు. కావున దాని యొడలు చాలవఱకు చదునైన పలకలతో అమర్చిరి. చదును పలకను సుత్తియు దిమ్మెయు నున్న యెవడైనను సరిచేయగలడు. మన దేశమున 1945లో లూధియానాలో మహీంద్రా అండ్ మహమ్మద్ అను పేర నొక కంపెనీ పుట్టినది. ఆ పేరిలోని గులాం మహమ్మద్ నిజాం ప్రభుత్వమున ఆర్థికశాఖను నడపినవాడే. దేశవిభజనానంతరము ఆయన పాకిస్తానునకు పోయి 1951లో అచ్చటి గవర్నరు జనరలైనాడు. ఇచ్చట కంపెనీ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా యైనది. జీపులను ఈ దేశమున కూర్చి యమ్మిన దీ కంపెనీయే. తెలుగు పల్లెలలో "జీపు వచ్చింది" అనగా తాసీల్దారో పోలీసులో వచ్చిరని యర్థమగునంతగా ఈ బండి సర్కారునకు మాఱుపేరైనది. అధికారము సంగతి యట్లుండనిండు. మాకు కావలసిన ముక్క యేమనగా, ఇది మరమ్మతు చేయబడుటకే పుట్టిన బండి. దీని యొడలు చట్రముమీద వేఱుగా కూర్చుండును. బోల్టులు విప్పి పైకెత్తవచ్చును. నేటి కార్లయందు ఒడలును చట్రమును ఒక్కటే కాగా, ఇందులో చర్మము చెడినను ఎముకను విడిగా చూడ వీలున్నది. ఇట్టి బండిని సయితము మోసముతో బాగుచేసిరన్నచో ఆ నేరమును బండిమీద మోప వీలులేదు.

ఇక తుప్పు. నీరు, గాలి, ఇనుము ఈ మూడును కలిసినచోట నది పుట్టును. ఏ యొక్కటి లేకున్నను పుట్టదు. రాగిమీద క్రమముగా నేర్పడు పచ్చని పొర లోపలి లోహమును కొంతవఱకు కాచును. అల్యూమినియముమీది పొర మఱింత బాగుగా కాచును. ఇనుముమీది తుప్పునకు ఆ సద్గుణము లేదు. అది గుల్ల. నీటిని పీల్చి తనలో నిలుపుకొని లోపలి యినుమునకు దారి చూపును. పైగా, తాను మ్రింగిన యినుముకంటె అనేక రెట్లు చోటాక్రమించును. కావుననే రెండు రేకులు కలిసిన కుట్టులో పుట్టినచో వానిని ఉబ్బించి విడదీయును. రంగుక్రింద పుట్టినచో పొక్కు లేపును. ఢిల్లీలోని యినుపస్తంభము పదునాఱు శతాబ్దములుగా నిలిచియుండుటకు, అందలి భాస్వరము చేత నేర్పడిన సన్నని పొరయే ముఖ్యకారణమని కాన్పూరు ఐఐటిలో ఆచార్యులైన ఆర్. బాలసుబ్రహ్మణ్యంగారు తేల్చినారు. మా జీపు రేకులో అట్టి భాగ్యమేమియు లేదు.

జీపులో నీరు నిలుచు తావులు లెక్కకు మిక్కిలి కావు. అన్నియు కంటికి మఱుగైనవి. పాదముల క్రిందనుండు రబ్బరుచాప అడుగు, వెనుక చక్రములపై పెట్టెవలె నుండు భాగము, అద్దపు చట్రము క్రిందియంచు, తలుపు గడప. నీరు పోవుటకు రంధ్రములుండును. ఆ రంధ్రములలో వేపాకును మట్టియు చేరి బిరడావలె బిగియును. ఆ పిమ్మట ఒక్క వానకు పోసిన నీరు ఒక నెల నిలుచును. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి నగరమున కురిసిన కుంభవృష్టికి హుస్సేన్‌సాగరు మిగులునీటి నాలా ప్రక్కనున్న పేటలలో ఎన్ని సెల్లార్లు చెఱువులైనవో యీ ప్రాంతమువారు మఱచియుండరు. నీరు దిగిన పిదప జనులు సీట్లూడదీసి యెండబెట్టిరి, ఇంజనులు కడిగించిరి. రేకుల మడతలలోనికి జొచ్చిన బురదను కడిగించినవారు మాత్రము అరుదు. ఆ బురద యనేక బండ్లలో నేటికిని తడి పీల్చుచునే యున్నదని మా నమ్మకము.

మా జీపు తుప్పు అంతకుముందుది. పెదతండ్రిగారి కడపటి యేండ్లలో ఒక శాలవారు బండియంతయు రేకు మార్చి క్రొత్తగా చేసితిమని చెప్పి, పూర్తి సొమ్ము పుచ్చుకొని, పచ్చరంగు వేసి యిచ్చిరి. ఆయన ఆ రంగును చేతితో నిమిరి మురిసిపోయినాడు. ఆయన పోయిన రెండేండ్లకు మా చెల్లెలు బండి లోపల ఊడ్చుచు, చాపక్రింద పసుపుకుంకుమలు కలిసినట్లు ఎఱ్ఱనిపొడి కుప్పగా నుండుట చూచి మమ్ము పిలిచినది. నేలరేకుమీద వ్రేలితో తట్టగా ఖంగున మ్రోగవలసినచోట పగిలినకుండవలె మొద్దుచప్పుడైనది. మా మేనకోడలు వంటింటి ఫ్రిజ్జుమీదనుండి బొమ్మల అయస్కాంతము నొకదానిని ఊడదీసికొని వచ్చి చక్రముపై భాగమున అంటించి చూచినది. అది జాఱి క్రిందపడినది. నాలుగుచోట్ల అంటించినది, మూడుచోట్ల పడినది. అయస్కాంతమున కంటని యినుము లేదు. కావున అచ్చట నున్నది ఇనుము కాదు, లప్పము. వెనుక బల్లను పట్టియుంచు బోల్టును కదపగా, అది తాను బిగియవలసిన రేకుముక్కతో కూడ చేతిలోనికి వచ్చినది. అంతకుముందటి యాదివారమే నలుగురు పిల్లలు ఆ బల్లమీద కూర్చుండి అనంతగిరి కొండలకు పోయి వచ్చిరి.

ఆ రాత్రి మా యింట పెద్దగా మాటలు సాగలేదు.

మఱునాటినుండి శాలలు వెదకితిమి. నారాయణగూడ వంతెనక్రింద మొదలుపెట్టి రామ్‌నగరువఱకు మూడు శాలలకు పోయితిమి. మొదటివాడు బండిని దూరమునుండియే చూచి మూడుదినముల పని యన్నాడు. రెండవవాడు తుప్పు గీఱి ఫైబరు అతికించి పైన లప్పము పెట్టుదు ననియు, ఏ తల్లికి పుట్టినవాడును కనుగొనలేడనియు సగర్వముగా చెప్పినాడు. అతనిని మేము తప్పుపట్టజాలము. ఏ కోరికతో వచ్చువారిని అతడు దినదినము చూచుచున్నాడో ఆ కోరికకే బదులు చెప్పినాడు. మూడవ చోట, తలనెఱసిన యుస్తాదు బండిక్రిందికి దూరి, ఒక మరలుపుల్లతో అక్కడక్కడ పొడిచి, బైటికి వచ్చి చేతులు తుడుచుకొన్నాడు. ఖర్చెంతయగునని యడిగితిమి.

"రంగు దీసినంక జెప్త సార్. ఇప్పుడు జెప్తే అబద్ధం జెప్పినట్టే."

ఆ మాటకే బండి నచ్చట విడిచితిమి.

రంగు తీయుటకు నాలుగుదినములు పట్టినది. చక్రపు పెట్టెమీది లప్పము బొటనవ్రేలి మందమున నుండెను. దానిక్రింద ఇనుపజాలి, జాలి వెనుక నూనెగుడ్డలు, వానితోపాటు ఉండలు చుట్టి కుక్కిన తెలుగు దినపత్రికలు. మేమచ్చటనే నిలువబడి ఒక యుండను విప్పి సంపాదకీయమును చదివితిమి. అది రహదారి భద్రతను గూర్చినది! ఉస్తాదు నవ్వలేదు. అతడు ఆ గుడ్డలను చూపి, ఇవి తడి పీల్చి పట్టియుంచుటచేత, వట్టి చిల్లిగా వదలియుండినను చెడని చుట్టుప్రక్కల రేకుకూడ చెడినదని వివరించెను. దాచుటచే రోగము పెరిగినది. అప్పుడు ఖర్చు చెప్పినాడు. మొదటి శాలవాడు చెప్పినదానికి అది మూడింతలు. మూడుదినములకు మాఱు మూడువారములు.

ఆ మూడువారములలో మేము చూచినపని కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ముందు చెడిన రేకును కోయవలెను. ఎంతవఱకు? తుప్పు కనబడినంతవఱకు కాదు. గీఱినప్పుడు వెండివలె తెల్లగా తళుక్కుమను మంచి యినుము వచ్చువఱకు. ఇచ్చటనే చాలమంది చేయి వెనుకాడును. చిల్లి అఱచేయి యంత యుండగా, కోత ముంగిటి పీటయంత కావలసివచ్చును. తరువాత పాత క్యాలెండరు అట్టతో ఖాళీ యాకారమును కత్తిరించి, బండిమీద పెట్టి, వంపులు మడచి సరిచూచును. దర్జీ రవికె కొలత తీసినట్లే. అటుపై రాణీగంజినుండి తెచ్చిన పదునెనిమిదవ గేజి రేకును, అనగా ఇంచుమించు ఒకటింబాతిక మిల్లీమీటరు మందము గలదానిని, ఆ యట్ట ప్రకారము కోసి వంచును. పాతరేకెంత మందమో క్రొత్తది అంతయే యుండవలెను. పలుచనైనచో అదరును, మందమైనచో అతుకువద్ద పగులును.

అతుకు వేయుటలో నున్న యోపిక చూచి మేము సిగ్గుపడితిమి. ఒక చివరనుండి మొదలుపెట్టి వరుసగా కాల్చుకొనిపోయినచో వేడికి రేకు అప్పడమువలె మెలితిరుగును. కావున ఈ మూల నొక చుక్క, ఆ మూల నొక చుక్క, నడుమ నొకటి, చల్లారువఱకు కూర్చుండుట, మఱల నడిమి ఖాళీలలో చుక్కలు. చుక్కలు కలిసి గీతయగుటకు ఒక పూట పట్టును. పిమ్మట అరగదీసి, లోపలివైపున జింకు కలిసిన పూత, దానిమీద రెడ్డాక్సైడు. జింకు తాను ముందు కరగిపోవుచు ఇనుమును కాపాడును. ఇంటిలో తాను తినక పిల్లలకు పెట్టు తల్లివంటిది. కుట్టులలో నీరు చొరకుండ మైనమువంటి మందు నింపుదురు. ఇదంతయు ఎవరికిని కనబడని వైపున జరుగు పని.

అన్నిటికిని చివర నతడు లప్పపు డబ్బా తెఱచుట చూచి మా మేనకోడలు ఉలికిపడి, "ఉస్తాద్, మళ్లీ లప్పమా?" అన్నది.

"లప్పం దొంగది గాదమ్మా. దానితోని జేయించే పనే దొంగది" అని యతడు పలుగాకు అంచుతో రేకుమీద వెన్నవలె పలుచగా లాగి, ఆఱిన పిదప ఇసుకకాగితముతో ముప్పాతికవంతు మఱల తీసివేసినాడు. సుత్తిదెబ్బల సన్నని గుంతలు పూడినవి, అంతే.

ఈ పనివారిని గూర్చి రెండుమాటలు. వెల్డింగు వెలుగును కప్పులేని కన్నుతో చూచినవానికి ఆ రాత్రి కండ్లలో ఇసుక పోసినట్లుండును. జింకు పూసిన రేకును కాల్చునప్పుడు లేచు పొగ పీల్చినచో సాయంకాలమునకు చలిజ్వరము వచ్చును. నేటి రంగులలో గట్టిపడుటకై కలుపు రెండవ ద్రవమునందు ఐసోసయనేటులుండును. ఆ తుంపరలు పీల్చుచు పోయినవారికి ఉబ్బసము పట్టును. దీనికి ముక్కుమీద కట్టిన చేతిరుమాలు చాలదు. పదునాలుగేండ్ల లోపు పిల్లలను ఏ పనియందును పెట్టరాదని 1986 నాటి శాసనమును 2016లో సవరించి గట్టిచేసిరి. అయినను శాలలలో "చోటూ" అని పిలువబడు బాలుడు మన కంటబడుచునే యున్నాడు. బండి త్వరగా కావలెనని మనము తొందరపెట్టునప్పుడు పరుగెత్తువాడు వాడే. మా యుస్తాదువద్ద చోటూ లేడు. ఇరువదేండ్లు దాటిన యువకుడొక్కడున్నాడు. రంగు కొట్టునప్పుడు ధరించు మంచి ముసుగుల వెలను ఖర్చుల చీటిలో మేము వేఱుపద్దుగా వ్రాయించితిమి. అట్టి పద్దు నెవరును అంతకుముందు వ్రాయించలేదని యతడన్నాడు.

శాలకు కొలదిదూరముననే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున్నది. అశోక్‌నగరు గదులలో అద్దెకుండు వేలకొలది జిల్లాల యువకులు, యువతులు ఉదయమునుండి రాత్రివఱకు అచ్చట ఉద్యోగపరీక్షలకు చదువుచుందురు. వారి యోర్పును మేము తక్కువచేయము. కాని ఆ యువకుని మేనమామ, "వెల్డింగు పిల్లగానికి పిల్లనెవరిస్తరు?" అని యతనిని పనిమాని కోచింగులో చేరుమని పోరుచున్నాడట. ఈ నారాయణగూడలోనే 1928లో మాడపాటి హనుమంతరావుగారు మొదలైనవారు ఆంధ్రబాలికల పాఠశాలను స్థాపించినప్పుడు ఆడపిల్లకు చదువెందుకనువారు కొల్లలుగా నుండిరి. ఆ ప్రశ్న నేడు మన యిండ్లలో లేదు. చేతిపనికి చదువుకొన్నవారి పిల్లలెందుకను ప్రశ్న మాత్రము చెక్కుచెదరక యున్నది. మా మేనకోడలు నల్లద్దము ధరించి రెండు చుక్కలు తానును వేసినది. ఉస్తాదు వానిని అరగదీయక అట్లే యుంచినాడు, అవి గట్టివే యని. ఆ వార్త విన్న మా బంధువొకరు ఆమెకు సంబంధములు చూచునపుడు దీనిని చెప్పవద్దని మాకు హితోపదేశము చేసిరి.

మఱియొక సంగతి. సొంతబండి రిజిస్ట్రేషను పదునైదేండ్లకు తీఱును. తరువాత పరీక్ష చేయించి అయిదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. పాతబండి యైనచో తుక్కునకే పోవలెనని వాదించువారు పొగను గూర్చి చెప్పు మాటలలో నిజమున్నది. మేమును దానిని తిప్పి తిప్పి నగరమున పొగ నింపదలచుకొనలేదు. నెలకు రెండుమాఱులు దాటి తీయము. కాని పరీక్షకు పోవు బండ్లలో రంగువేయించుకొని పోవునవి యెన్నియో, నేలరేకు చూపించుకొని పోవునవి యెన్నియో, ఆ శాలల ముందు ఒక్కపూట నిలువబడిన చదువరులకే తెలియును.

లెక్క తీఱ్చునాడు ఉస్తాదు మాకొక గోనెసంచి యిచ్చినాడు. అందులో కోసితీసిన పాత రేకుముక్కలన్నియు నున్నవి. ఎక్కడి ముక్క యెక్కడిదో సుద్దతో గుర్తులు పెట్టియున్నాడు. ఇవి మాకెందుకని యడిగితిమి. మీరు డబ్బిచ్చినది దేనికో చూడవలదా యన్నాడు. తరువాత బకెట్టుతో నీరు తెప్పించి నేలరేకుమీద కుమ్మరించినాడు. నాలుగు రంధ్రములనుండియు నాలుగు ధారలు నేలకు దిగినవి. చాప నతికింపవద్దనియు, వానకాలమున వారమునకొకసారి ఎత్తి ఆరబెట్టుమనియు చెప్పినాడు. కడపట ఎడమ చక్రపు పెట్టె వెనుక, ఒడలు చట్రమును తాకుచోట నున్న కుట్టును చూపి, అచ్చటికి తన చేయి పోలేదనియు, పూత పిచికారీ చేయుటయేగాని గీఱుటకు వీలుకాలేదనియు తనంతట తానే చెప్పినాడు.

"మళ్ల జంగొస్తే మొదలు ఈడనే వస్తది సార్. మూడేండ్లు, నాలుగేండ్లు. పొక్కు గనబడంగనే తీస్కరాండ్రి. అప్పటికి నేను లేకున్నా పిల్లగాడుంటడు."

ఆ కుట్టుచోటును, తేదీని బండి కాగితముల సంచిలోని యొక చీటిమీద మా చెల్లెలు వ్రాసిపెట్టినది.